రెక్సిన్ సీట్ల మీద రేపల్లె ప్రయాణం

ఆ రోజుల్లో మా వైపు కారు కొన్నవాడి కష్టాలు కారు ఇంటికొచ్చాకే మొదలయ్యేవి. పెట్రోలు గురించో, డ్రైవరు గురించో కాదు, సీట్ల గురించి. కొత్త సీటు మీద కూర్చుంటే అది పాతదైపోతుంది. కూర్చోకపోతే మరి కారెందుకని ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు. అందుకని సీటుకి ఒక తొడుగు వేసి, తొడుగు మాయకుండా దాని మీద ఒక దుప్పటి పరిచి, దుప్పటి నలగకుండా దాని మీద ఒక తువ్వాలు వేసి, ఆ తువ్వాలు మీద పెద్దమనిషి నిటారుగా, అద్దెకొచ్చినవాడిలా కూర్చునేవాడు. (తెనాల్లో ఒక రైసుమిల్లు ఆయన తన సీట్ల అసలు రంగు కారు అమ్మేసిన రోజున గానీ చూడలేదని చెప్పుకునేవారు. కొన్నవాడు చూశాడో లేదో తెలియదు, అతనూ మా ఊరివాడే.) వస్తువు మన కోసం పుట్టిందా, మనం వస్తువు కోసం పుట్టామా అన్న ప్రశ్న అప్పట్లో ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు. వచ్చి ఉంటే సీటు తొడుగుల వ్యాపారం పెట్టాలన్న బుద్ధి పుట్టేది కాదు, ఒక పెద్దమనిషి పట్టుపంచె ఇంకో పదేళ్ళు బతికేది.

మా నాన్నది తెనాలి గంగానమ్మపేటలో బట్టల కొట్టు. తాతది అదే వీధిలో కిరాణా, మేనమామలది పక్క వీధిలో ఇత్తడి సామాను. నేను పుట్టింది ఇంట్లోనే అయినా పెరిగింది మాత్రం కొట్టు అరుగుల మీద. నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ అందరికీ చెప్పేది. బేరం వచ్చినంతగా చదువు రాలేదు. బి.కాం. రెండుసార్లు తప్పాను. "మూడోసారి రాస్తావా, లేక యూనివర్సిటీ వాళ్ళే నీ దగ్గరికి దిగొస్తారని చూస్తున్నావా?" అని నాన్న నెమ్మదిగా అడిగాడు. నాన్న ఏదైనా నెమ్మదిగానే అడిగేవాడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. మా కొట్టుకి ఆనుకుని ఖాళీ చెక్కపెట్టెలు పడేసే చిన్న గది ఒకటుండేది. ఆ గది నాకిస్తే కారు సీట్లకి తొడుగులు కుట్టించే కొట్టు పెట్టుకుంటానని నేను. గుంటూరు మిర్చి యార్డులో పెదనాన్న దగ్గర గుమాస్తాగా చేరమని ఆయన. ఇలా నాలుగు నెలలు సాగింది. అన్నం దగ్గర, కొట్టు తీసేటప్పుడు, కట్టేసేటప్పుడు, ఆఖరికి ఆయన గడ్డం గీసుకుంటున్నప్పుడు కూడా (అద్దంలోంచి) నేను వాదించేవాడిని. "ఊళ్ళో కార్లెన్నిరా, నీ మాటలెన్నిరా" అనేవాడు.

చివరికి ఒక షరతు పెట్టాడు. బాపట్లలో మాకు పాత ఖాతాదారు ఒక ప్లీడరుగారుండేవారు. ఆయన కొత్తగా అంబాసిడరు కొన్నారు. "ఆయన సీట్లకి నువ్వే గుడ్డ ఎంచు, నువ్వే కొలువు, నువ్వే కుట్టించు. ఆయన తన నోటితో బాగున్నాయి అనాలి. అంటే గది నీది. అనకపోతే సోమవారం గుంటూరు బస్సెక్కు."

నేను ఆ సాయంత్రమే రెక్సిన్ ముక్కలు, గుడ్డ ముక్కలు సంచిలో వేసుకుని బాపట్ల వెళ్ళాను. ప్లీడరుగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. నలభై ఏళ్ళు ఇరుపక్షాల వాదనలూ విని విని, ఇక ఎవరు నెగ్గినా ఒకటే అన్నట్టుండే మొహం. పక్కన ఆయన భార్య, వెనక గుమ్మంలో ఆయన అక్కగారు. ఆవిడని ఇంటిల్లిపాదీ మామ్మగారనేవారు, నేనూ అలాగే అన్నాను.

"చీరాల దుప్పటి గుడ్డతో కుట్టరాదటయ్యా? ఎండల్లో చల్లగా ఉంటుంది" అన్నారు ప్లీడరుగారు.

ఆయన అడిగింది సరైన మాటని నాకు తెలుసు. కానీ కొనేవాడు అడిగిందే చూపించేస్తే అమ్మేవాడి గొప్పేముంది? "గుడ్డయితే చెమట పీలుస్తుందండి. మరక పడితే పోదు. పైగా సూర్యలంక సముద్రపు గాలికి ఉప్పు పట్టి మెత్తబడిపోతుంది. రెక్సిన్ అనుకోండి, నీళ్ళు దిగవు, నూనె దిగదు, పిల్లలు కక్కినా తడిగుడ్డతో తుడిచేస్తే మళ్ళీ పెళ్ళికూతురే" అని ఇరవై నిమిషాలు చెప్పాను. ప్లీడరుగారు కళ్ళు మూసుకుని విన్నారు. "వాదన బాగుందయ్యా. కేసే ఏంటో అర్థం కాలేదు" అన్నారు. ప్లీడరుగారి భార్యకి మాత్రం తుడిస్తే పోతుందన్న మాట నచ్చింది. వంకాయరంగు ముక్క తీసి పక్కన పెట్టుకున్నారు.

అప్పుడు మామ్మగారు గుమ్మంలోంచి, "అది తోలా అబ్బాయ్?" అన్నారు.

"కాదండి మామ్మగారూ, గుడ్డ మీద పూత."

"తోల్లాగే ఉంది. ఎల్లుండి రేపల్లెలో మా తమ్ముడి మనవరాలికి అన్నప్రాసన. తోలు మీద కూర్చుని శుభకార్యానికి నేను రాను."

బట్టల కొట్టువాడికి తెలిసిన పరీక్ష ఒక్కటే, పోగు తీసి కాల్చి వాసన చూడటం. అగ్గిపుల్ల గీసి ముక్క అంచు అంటించాను. వరండా అంతా నల్లటి పొగ. ప్లీడరుగారు లేచి గేటుదాకా వెళ్ళిపోయారు. మామ్మగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "తోలు కాదులే. తోలు ఇంత కంపు కొట్టదు" అని ఒప్పుకున్నారు. నేను బేరం ముగిసిందనుకుని టేపు తీశాను.

ఇక్కడ మా కొట్ల గురించి ఒక మాట చెప్పాలి. మా ఇళ్ళలో కొసరు వేయకుండా ఏదీ కొలవరు. నాన్న గజంబద్దతో గుడ్డ కొలిచేవాడు. కొలత అయిన చోట బొటనవేలు పెట్టి, ఆ వేలిని నాలుగంగుళాలు ముందుకి జరిపి, అక్కడ కత్తెర పెట్టేవాడు. ఆ నాలుగంగుళాల వల్లే మనిషి మళ్ళీ మన కొట్టుకొస్తాడని ఆయన నమ్మకం. తాత బెల్లం తూచాక చిన్న ముక్క పైన వేసేవాడు. నాకు ఆరేళ్ళ వయసునుంచీ బొటనవేలు దానంతటదే జరుగుతుంది, ఆపుదామన్నా ఆగదు. కారు తలుపులన్నీ తెరిచి సీట్లు కొలుస్తుంటే ప్రతి అంకె దగ్గరా అది జరిగింది. పొడవుకి నాలుగంగుళాలు, వెడల్పుకి నాలుగంగుళాలు, ఆనుకునే భాగానికి నాలుగు. ప్లీడరుగారి భార్య కూడా పక్కనే నిలబడి, "కొసరు వేస్తున్నావా బాబూ?" అని అడిగారు. "మీకు వేయకపోతే ఇంకెవరికి వేస్తానండి" అని ఇంకో రెండంగుళాలు కలిపాను.

తెనాల్లో మా కొట్టు అరుగు మీద మిషను పెట్టుకున్న ఆయన్ని మేమంతా మిషను బాబాయి అనేవాళ్ళం. కొలతల కాగితం చూసి బాబాయి కళ్ళజోడు సర్దుకున్నాడు. "కారేనా అబ్బాయ్ ఇది, బస్సా?"

"ఉతికితే కుదించుకుంటుందిగా బాబాయ్. ఇంకో రెండు వేళ్ళు వదులుంచు."

"రెక్సిన్ని ఎవరుతుకుతార్రా? అది కుదించుకోదు."

"ఏ గుడ్డయినా కుదించుకుంటుంది బాబాయ్. నువ్వు కుట్టు."

బాబాయి మూడు తరాల చొక్కాలు కుట్టినవాడు. ఎదిగే పిల్లలకి వదులుగా కుట్టమనే తల్లులందరినీ చూసినవాడు. కత్తెర అందుకున్నాడు. సీటు కూడా ఎదుగుతుందేమో అనుకుని ఉంటాడు.

ప్రయాణానికి ముందురోజు కుట్టిన తొడుగుల్ని చుట్టచుట్టి భుజాన వేసుకుని బాపట్ల వెళ్ళి తొడిగాను. అన్నయ్య చొక్కా వేసుకున్న తమ్ముడిలా ఉంది సీటు. మిగిలిందంతా గుప్పిళ్ళతో సందుల్లోకి దోపాను. ఎవరూ కూర్చోనంతసేపూ చాలా అందంగా ఉంది. ప్లీడరుగారు వచ్చి బయటినుంచే చూసి, "బాగున్నట్టే ఉంది" అన్నారు. నాన్న అడిగింది 'బాగున్నాయి'. ఇంకా సగం మాట రావాలి. "బాగున్నట్టే అంటే బాగున్నాయనేగా అండి?" అన్నాను. ఆయన నాకేసి అదోలా చూసి, "రేపు రేపల్లె వెళ్ళొచ్చాక చెబుతాను. నువ్వూ రా, నీ సరుకు సంగతి నీ కళ్ళతోనే చూద్దువుగాని" అన్నారు.

మర్నాడు బయల్దేరేసరికి ఎనిమిది దాటింది. మే నెల. ముందు సీట్లో డ్రైవరు, నేను. (డ్రైవరుని ఊరంతా గేరు మావయ్య అనేది. ఆయన గేరు మారిస్తే రెండు వీధుల అవతలికి వినపడేది.) వెనక తెల్లటి పట్టుపంచె కట్టుకున్న ప్లీడరుగారు, ఆయన భార్య, అటు చివర మామ్మగారు. మామ్మగారి ఒళ్ళో వియ్యాలవారికి తీసుకెళ్తున్న కొత్తావకాయ జాడీ, మూతికి గుడ్డ కట్టి.

రెక్సిన్ అప్పటికే ఎండకి కాలిన పెనంలా ఉంది. చర్మం తగిలిన చోట అంటుకుంటుంది, పట్టు తగిలిన చోట జారుతుంది. అందువల్ల మనిషి వీపూ మోచేతులూ ఒకచోట ఉండిపోయి మిగతా మనిషి ముందుకెళ్ళిపోతున్నాడు. దానికితోడు లోపల దోపిన కొసరంతా ఒక్కో కుదుపుకీ ఒక్కో జానెడు చొప్పున బయటికి రాసాగింది. మావయ్య బ్రేకు వేస్తే తొడుగు తన మీద ఉన్నవాళ్ళతో సహా ముందుకొస్తుంది. గేరు వేస్తే వాళ్ళని వదిలేసి అది మాత్రం వెనక్కి పోతుంది. ప్లీడరుగారు ముందు సీటు పైభాగం పట్టుకున్నారు. మావయ్య స్టీరింగుని తిప్పటానికి కాక వేలాడటానికి పట్టుకున్నట్టున్నాడు. కర్లపాలెం చేరకముందే ప్లీడరుగారి భార్య, "ఏవండీ, మీరు నా మీదికొస్తున్నారు" అన్నారు.

"నేను రావట్లేదే. పంపిస్తున్నారు."

"కాస్త అణిగితే సర్దుకుంటుందండి, కొత్తది కదా" అన్నాను వెనక్కి తిరక్కుండా. తిరిగితే నేనూ జారతాను.

"అణగాల్సింది అదా, మేమా బాబూ?" అన్నారు మామ్మగారు.

కర్లపాలెం దాటాక గేదెలు అడ్డమొచ్చాయి. ఒకటీ రెండూ కాదు, ఊరందరివీ కలిపి. మావయ్య బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక తొడుగు, దాని మీద ముగ్గురు పెద్దలు, జాడీ, అందరూ ఒకేసారి ముందుకి ప్రయాణమయ్యారు. జాడీ పగల్లేదు. మూతిగుడ్డ ఊడింది. ఆ నిశ్శబ్దంలో నూనె కారటం నాకు స్పష్టంగా వినపడింది.

తిరిగి చూశాను. ఎర్రటి నూనె, ఆవపిండి, నాలుగు ముక్కలు. ఒక్క చుక్క కూడా రెక్సిన్లోకి దిగలేదు. వదులుగా ముడతలు పడ్డ తొడుగు మధ్యలో పంటకాలవలాంటి దారి ఏర్పడింది. నూనె ఆ దారి వెంట మామ్మగారిని ఏమీ అనకుండా, పక్కనున్న ప్లీడరుగారి భార్యని పలకరించకుండా, సూటిగా వెళ్ళి ప్లీడరుగారి పట్టుపంచెలో ఇంకింది. అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. "చూశారా అండి, సీటుకి మరక పట్టలేదు" అన్నాను.

ప్లీడరుగారు కోప్పడలేదు. పంచె అంచు రెండు వేళ్ళతో ఎత్తి చూసుకున్నారు. "పట్టలేదయ్యా. ఎవరికి పట్టించాలో దానికి బాగా తెలుసు" అన్నారు.

రేపల్లెలో వియ్యంకుడుగారు గుమ్మంలో ఎదురొచ్చి, "బావగారు జాడీ పంపిస్తారనుకున్నాం. తమరే ఊరి వచ్చారే" అన్నారు. వియ్యంకుల మధ్య అలాంటి మాట ఒకటి పడితే పదేళ్ళు నిలుస్తుంది. వాళ్ళింట్లో మగవాళ్ళందరూ పొట్టివాళ్ళు. మార్చుకోవటానికిచ్చిన పంచె పన్నా, అంటే వెడల్పు, తక్కువది, ప్లీడరుగారి పిక్కల సగంలో ఆగిపోయింది. (పన్నా ఎంతో నేను చూడగానే పట్టేశాను. ఆ సమయంలో కూడా.) ఆయన అలాగే పీట మీద కూర్చుని, మనవరాలి నోట్లో పాయసం పెట్టి, ఫొటో తీయించుకున్నారు. నేను వెనక వరసలో భోంచేశాను. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఆవకాయ మాత్రం నా విస్తట్లో రెండుసార్లు వేశారు.

మధ్యాహ్నం ప్లీడరుగారు నన్ను పిలిచారు. "కారు నువ్వూ డ్రైవరూ తీసుకుపోండి. మేం రైల్లో పోతాం."

"రైలంటే తెనాలి వెళ్ళి బండి మారాలి కదండీ. చుట్టుతిరుగుడు."

"అవును. తెనాల్లో రెండు గంటలు ఖాళీ. మీ నాన్నగారిని ఓసారి చూసి పోతాను."

"ఎందుకండీ ఈ ఎండలో శ్రమ, నేనే చెబుతాగా" అని మొదలుపెట్టాను. వడదెబ్బ గురించి, తెనాలి స్టేషన్లో రద్దీ గురించి, పెద్దవాళ్ళకి మెట్ల గురించి, నాకు తెలిసిన బేరమంతా ఆడాను. ఆయన చెప్పులు వేసుకుంటూ, "శ్రమేముందయ్యా. రైల్లో కూర్చున్నచోట కూర్చునే ఉంటాం" అన్నారు.

బాపట్లదాకా వెనక సీటంతా నాదే. ఒక్కణ్ణీ ఈ తలుపునుంచి ఆ తలుపుకి జారుతూ వచ్చాను, పట్టుకోవాలన్న ఓపిక కూడా లేదు. గేరు మావయ్య అద్దంలోంచి చూసి, "సీటు తొడుగంటే చొక్కా కాదబ్బాయ్, చెప్పు లాంటిది. బిగువుండాలి" అన్నాడు. ఆ మాట బాబాయీ చెప్పాడు, ప్లీడరుగారూ దుప్పటి గుడ్డ అని చెప్పారు. వినటం ఒక్కటే నేర్చుకోలేదు నేను. బాపట్లలో తొడుగులు విప్పి, కడిగి, చుట్టచుట్టి, రైలెక్కాను. చెక్కబెంచీ. జారదు, అంటుకోదు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన వంకాయరంగు చుట్ట చూసి, "ఏంటి బాబూ, బుర్రకథ డేరానా?" అన్నాడు. "అవునండి" అన్నాను. వివరించే శక్తి లేదు.

దీపాలు పెట్టే వేళకి కొట్టు చేరాను. అరుగు మీద మిషను బాబాయి తలెత్తకుండానే, "వచ్చి వెళ్ళారు. పొట్టి పంచె" అన్నాడు.

"ఏమన్నారు బాబాయ్?"

"మావాడి సీట్లు ఎలా ఉన్నాయండీ అని మీ నాన్న అడిగాడు. సీట్లు బాగున్నాయండి, నిక్షేపంలా ఉన్నాయి, కూర్చున్నవాళ్ళే పాడయ్యారు అన్నారు."

మునిగిపోయేవాడు గడ్డిపరకని పట్టుకుంటాడంటారు. బేరగాడయితే ఆ పరకలో కూడా పొడుగ్గా ఉన్న సగాన్ని పట్టుకుంటాడు. నేను లోపలికి వెళ్ళాను. పెళ్ళిళ్ళ రోజులు. పొద్దున్నించీ చీరలు విప్పి చూపించి, అవన్నీ మళ్ళీ మడతలు పెడుతున్నాడు నాన్న. పరుపు మీద గుట్టలు.

"ప్రతి వైపూ బారెడు ఎక్కువ పెట్టావట" అన్నాడు.

"కొసరు నాన్నా. నువ్వు నేర్పిందే."

"కొసరు కొన్నవాడి చేతిలో పెట్టాలిరా. వాడి కింద కాదు."

"అయినా ఆయన బాగున్నాయి అన్నారుగా. నువ్వడిగింది ఆ మాటే. తర్వాత ఏమన్నారన్నది షరతులో లేదు." ఇంకా చెప్పుకుపోయాను. ఆవకాయ ఒలికింది జాడీ మూతిగుడ్డ వల్లనీ, గేదెల వల్లనీ, రెక్సిన్ తన గుణం తాను నిలబెట్టుకుందనీ. నాన్న మడత ఆపి, కళ్ళజోడు తీసి, రెండు కళ్ళూ వేళ్ళతో నొక్కుకున్నాడు.

"తాళంచెవి గూట్లో ఉంది. తీసుకో. టేపు మాత్రం బాబాయి పట్టుకుంటాడు" అన్నాడు.

ఆ కొట్టు పద్నాలుగేళ్ళు నడిపాను. ప్లీడరుగారికి చీరాల గుడ్డతోనే, వేలు దూరనంత బిగువుగా మళ్ళీ కుట్టించి ఇచ్చాను. ఆయన కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. తర్వాత ఏడాది తన మేనల్లుడి కారు పంపించారు. ఆ రోజు నాన్నతో నెగ్గిన బేరాన్ని మాత్రం నేను కనపడినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. అణా తగ్గించని మనిషి దగ్గర సగం మాట పట్టుకుని గది మొత్తం కొట్టేశానని. పెళ్ళయ్యాక మా ఆవిడకి కూడా అదే చెప్పాను. ఆవిడ ఊ కొట్టింది.

నా కూతురు మొన్నామధ్య మా వీధివైపు గదిలో పిల్లలకి సంగీతం క్లాసు పెడతానంది. ఆ గదిలో నేను మధ్యాహ్నాలు పడుకుంటాను. కుదరదన్నాను. మూడు నెలలు వాదించింది, ఒక్క కారణమూ నిలబడేది కాదు, అన్నీ నాకంటే బాగా చెప్పింది. ఒక సాయంత్రం నేను కూరలు తెచ్చి గుమ్మంలో నిలబడి ఉండగానే మళ్ళీ మొదలుపెట్టింది. ఆ రోజు నాన్నలాగే రెండు కళ్ళూ వేళ్ళతో నొక్కుకుని, "తీసుకో" అన్నాను. గంతులేసుకుంటూ వెళ్ళి ఫోనులో ఎవరికో, "మా నాన్నని ఒప్పించేశా, ఆయన మహా గట్టివాడు తెలుసా" అని చెబుతోంది. నేను విననట్టే ఉన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ, "ఏంటి, మీరంతటివాళ్ళు ఓడిపోయారా?" అంది.

"లేదే. కాసేపు కూర్చోవాలనిపించింది" అన్నాను.